వెదజల్లిన మాట

రేడియో ఉన్న ఇంట చిన్నపిల్లలకు సైతం నోట నానిన ఇంగ్లీషు మాటలు కొన్ని ఉంటాయి. స్టేషను, ప్రోగ్రాము, మైకు, బ్రాడ్‌కాస్టు - ఇవి ఇప్పుడు ఎవరికీ పరాయి మాటలుగా తోచవు. వీటిలో చివరిది మా వృత్తికే పేరు. ఫలానా ప్రసంగం బ్రాడ్‌కాస్టు అయినదా అని అడుగుతాము. ఫలానావారు మంచి బ్రాడ్‌కాస్టరు అని మెచ్చుకొంటాము. ఎంత తరచుగా వాడుతామో, దాని లోపల ఏమున్నదో చూడడం అంతగా మానివేశాము. అరిగిన నాణెం మీద బొమ్మ కనిపించనట్లే అరిగిన మాటలో మొదటి అర్థం కనిపించదు.

ఆ బొమ్మను ఒకసారి వెలుతురులో పెట్టి చూద్దాము. అక్కడ కనిపించేది మైకు కాదు, ఏరియలు స్తంభమూ కాదు. దున్నిన పొలం, ఒడిలో విత్తనాల మూట, గుప్పిలి విప్పి చల్లుతూ నడిచే రైతు. రేడియో ప్రసారాలకు సుమారు నూటయాభై ఏండ్ల ముందే ఈ మాట పొలంలో పుట్టినది. అక్కడి నుండి మా స్టూడియోలోనికి ఎట్లా నడిచి వచ్చినది, వస్తూ వస్తూ ఏమి తెచ్చినది, మనం దానిని తెనిగించుకొన్నప్పుడు ఏమి వదలివేశాము అన్నవి విచారింపదగిన విషయాలు.

పొలంలో పుట్టిన పలుకు

ఇంగ్లీషులో ‘బ్రాడ్’ అంటే విశాలమైన అని అర్థం. ‘కాస్ట్’ అంటే విసరడం, వేయడం, చల్లడం. ఈ రెండవ మాట పూర్వం సముద్రం దాటి వచ్చి ఇంగ్లండులో స్థిరపడిన నార్సు జాతులవారి భాష నుండి వచ్చినది. వచ్చి ఇంటిమనిషివలె కలిసిపోయినది. మన ‘వేయు’ ధాతువు చేసే చాకిరి అంతా ఇంగ్లీషులో అది చేస్తుంది. మనం వల వేస్తాము, పాచిక వేస్తాము, వోటు వేస్తాము, విత్తనం వేస్తాము. వారికి ఇవన్నీ కాస్ట్ చేయడమే. కరిగిన లోహాన్ని అచ్చులో పోయడమూ, నాటకంలో ఎవరికి ఏ వేషమో నిర్ణయించడమూ కూడ అందులోనివే.

ఈ ధాతువుకు ఒక విశేషం ఉన్నది. భూతకాలంలో సైతం దాని రూపం మారదు. కాస్ట్ అంటే వేయు అనీ, వేసెను అనీ, వేయబడిన అనీ సందర్భాన్ని బట్టి అర్థం చెప్పుకోవలె. బ్రాడ్‌కాస్ట్‌లో ఉన్నది ఈ మూడవ అర్థం. ‘విశాలంగా చల్లబడినది’ అని దాని పిండితార్థం. కనుక మొదట అది క్రియాపదం కాదు, విత్తనానికి విశేషణం. 1760ల నాటి ఇంగ్లీషు రచనలలో అది ఈ అర్థంలో కనిపిస్తుంది. దానిని క్రియగా వాడడం 19వ శతాబ్దపు ఆరంభంలో మొదలైనది. నేటికీ భూతకాలంలో ‘బ్రాడ్‌కాస్టెడ్’ అనవచ్చునా, ‘బ్రాడ్‌కాస్ట్’ అనియే అనవలెనా అని సందేహపడే విద్యార్థులున్నారు. నిఘంటువులు రెండింటినీ చూపుతాయి. వాడుకలో మాత్రం మార్పులేని రూపానిదే పైచేయి. తాత పేరును మనుమడు నిలుపుకొన్నట్లు అది కాస్ట్ ధాతువు నడవడినే నిలుపుకొన్నది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. ఇంగ్లండు రైతు వేల ఏండ్లుగా విత్తనాలు చేతితో చల్లుతూనే ఉన్నాడు గదా! అటువంటప్పుడు ఆ పనికి ప్రత్యేకంగా ఒక పేరు 18వ శతాబ్దంలోనే ఎందుకు కావలసి వచ్చినది? కారణం సులభమైనది. మన ఇండ్లలో గ్యాసుపొయ్యి వచ్చేదాకా పొయ్యి ఒట్టి పొయ్యియే. గ్యాసుపొయ్యి వచ్చిన తరువాతనే తక్కినదానిని ‘కట్టెలపొయ్యి’ అని విడమరచి చెప్పవలసి వచ్చినది. కొత్తది వచ్చి ప్రక్కన నిలిచినప్పుడే పాతదానికి పేరు పెడతాము. విత్తడంలో అటువంటి కొత్త పద్ధతిని ఇంగ్లండులో ప్రచారం చేసినవాడు జెత్రో టల్. ఆయన 1701లో విత్తనాలను వరుసగా సాళ్లలో జారవిడిచే యంత్రం ఒకటి నిర్మించాడు. 1730ల ఆరంభంలో ఆ సేద్యపద్ధతిని గూర్చి ఒక గ్రంథం ప్రకటించాడు. సాలు వెంట విత్తితే విత్తనం తక్కువ పడుతుంది, మొక్కల నడుమ కలుపు తీయడానికి వీలుంటుంది అని ఆయన వాదం. ఈ పద్ధతిని గూర్చిన చర్చ పెరిగినప్పుడు, చేతితో చల్లే పాత పద్ధతిని వేరు చేసి చెప్పడానికి బ్రాడ్‌కాస్ట్ అనే పేరు పనికివచ్చినది.

టల్ పద్ధతి ఇంగ్లండుకు కొత్త గాని మనకు కాదు. మన మెట్టపొలాలలో గొర్రుతో విత్తడం ఎంత ప్రాచీనమో చెప్పలేము. గొర్రుకు పైన జడ్డిగం, జడ్డిగం నుండి క్రిందికి దిగే వెదురు గొట్టాలు, వాటి గుండా సాళ్లలో పడే గింజలు - ఈ అమరికను ఒకప్పుడు మన పల్లెలలో చూడనివారు అరుదు. కెప్టెన్ థామస్ హాల్కాట్ అనే ఇంగ్లీషు సైనికోద్యోగి దక్షిణ భారతదేశంలో ఈ గొర్రు సేద్యాన్ని చూచి ఆశ్చర్యపడినాడు. ఇది ఐరోపావారు ఇటీవల కల్పించిన సాధనమని తాను అంతవరకు అనుకొన్నాననీ, ఇక్కడ ఇది అనాదిగా వాడుకలో ఉన్నదనీ ఆయన తమ దేశపు వ్యవసాయ మండలికి వ్రాశాడు. ఆ వ్రాత 1797లో అచ్చయినది. ధర్మపాల్ 18వ శతాబ్దపు భారతీయ శాస్త్ర సాంకేతికాలను గూర్చి 1971లో ప్రకటించిన సంపుటంలో దానిని తిరిగి చదువవచ్చును.

రెండు పద్ధతులు ప్రక్కప్రక్కన ఉన్నందుననే కాబోలు, మన భాషలో రెండింటికీ మాటలు ఉన్నవి. గొర్రుతో విత్తడం ఒకటి, వెదజల్లడం మరొకటి. ‘వెద’ అంటే విత్తడం. వెదజల్లడం అంటే విత్తుగా చల్లడం. నారుమడిలో వడ్లు వెదజల్లుతాము. ఆ మాటే తరువాత పొలం గట్టు దాటి పూలు పరిమళాన్ని వెదజల్లేదాకా, చంద్రుడు వెన్నెలను వెదజల్లేదాకా వెళ్లినది. ఇంగ్లీషు బ్రాడ్‌కాస్ట్ నడిచిన దారి కూడ ఇదే. పుట్టిన కొద్ది కాలానికే అది వార్తలకు, వదంతులకు, అభిప్రాయాలకు అన్వయించినది. ఊరిలో నింద పుట్టించి నలుగురిలో చల్లినవానిని గురించి ఇంగ్లీషువారు ఈ మాట వాడారు. ఇంతటి సమీపబంధువు మన భాషలోనే ఉన్నదని మనలో చాలమందికి తోచదు.

పర్యాయపదాల తోట

ఒక మాట విలువ దాని చుట్టాలను చూస్తే తెలుస్తుంది. బ్రాడ్‌కాస్ట్‌కు నిఘంటువులు ఇచ్చే పర్యాయపదాలలో కొన్ని వ్యవసాయం నుండి వచ్చినవే. ‘డిసెమినేట్’ అంటే వ్యాపింపజేయడం; అందులో దాగినది లాటినులో విత్తనానికి పేరు. ఆ విత్తనం నుండియే ‘సెమినార్’ అనే మాట వచ్చినది. పండితులు గుమికూడి చర్చించే సభకు ఆ పేరు ఎందుకని అడిగితే, దానికి మొదటి అర్థం నారుమడి.

‘ప్రోపగేట్’ అనేది మరొకటి. ఇది తోటమాలి మాట. తీగను వంచి నేలలో పాతి కొత్త మొక్కను సాధించడం, అనగా మనం నేలంటు అనే పని, దాని మూలార్థం. రోమను కాథలిక్ మతవ్యాప్తికై 1622లో ఏర్పడిన ధార్మిక సంఘం పేరులో ఈ ధాతువు చేరినది. అక్కడ నుండి ‘ప్రోపగాండా’ పుట్టినది. మతసంఘం పేరులో గౌరవంగా ఉన్న ఆ మాటకు 20వ శతాబ్దపు యుద్ధాలలో మచ్చ పడినది.

ఈ రెండు మాటల నడుమ ఒక భేదం తోటపని తెలిసినవారికి వెంటనే స్ఫురిస్తుంది. అంటు వలన వచ్చిన మొక్క అచ్చంగా తల్లిమొక్కయే. అంటు కట్టడంలో ఉద్దేశమే అది. విత్తనం నుండి మొలిచిన మొక్క అట్లా కాదు. కొంత తల్లిని పోలుతుంది, కొంత పోలదు, కొంత నేలను బట్టి ఉంటుంది. ప్రోపగాండా చేసేవాడు విన్న ప్రతివాడూ తనవలెనే కావలెనని కోరుతాడు. బ్రాడ్‌కాస్ట్ చేసేవానికి ఆ కోరిక చెల్లదు. చల్లినది విత్తు గనుక, మొలిచేది విన్నవాని సొత్తు. తెలుగులో ప్రచారం, ప్రసారం అనే మాటల నడుమ ఒక్క అక్షరమే తేడా. పనిలో తేడా మాత్రం అంటుకు విత్తుకు ఉన్నంత.

తక్కిన పర్యాయపదాలను గురించి క్లుప్తంగా చెప్పవచ్చును. ‘పబ్లిష్’ అంటే నలుగురి ఎదుట పెట్టడం. ‘ప్రొక్లెయిమ్’ అంటే గొంతెత్తి అరవడం. మన చాటింపు, దండోరా ఈ కోవలోనివి. ‘అనౌన్స్’ మాటలో ఒక వార్తాహరుడు ఉన్నాడు. ‘ట్రాన్స్‌మిట్’ అంటే ఇక్కడ నుండి అక్కడకు పంపడం; అందుకే అది మా ఇంజనీర్ల మాట. స్టూడియోలో మేము బ్రాడ్‌కాస్ట్ చేస్తాము, యంత్రం ట్రాన్స్‌మిట్ చేస్తుంది. పంపే యంత్రానికి వినేవాడు ఉన్నాడా లేడా అన్న చింత లేదు. ‘రిలే’ మాట వేట నుండి వచ్చినది. అలసిన వేటకుక్కల స్థానంలో దారిలో సిద్ధంగా ఉంచిన కొత్త కుక్కల గుంపుకు, తరువాత గుర్రాలకు, ఆ పేరు ఉండేది. మన అంచె గుర్రాలు సరిగా ఇవే. ఢిల్లీ కార్యక్రమాన్ని హైదరాబాదు కేంద్రం అందుకొని మీ ఇంటికి చేర్చినప్పుడు ఒక అంచె మారినట్లు.

లోపమే గుణమైన వేళ

ఇక ఈ పొలం మాట ఆకాశం ఎక్కిన కథ. మార్కోనీ 1896లో ఇంగ్లండులో తన తంతిలేని టెలిగ్రాఫుకు పేటెంటు కోరినప్పుడు ఆయన మనసులో ఉన్నది నేటి రేడియో కాదు. తంతి వేయడానికి వీలులేని చోట, ముఖ్యంగా సముద్రం మీద ఓడలకు, ఒకరి సందేశం మరొకరికి చేర్చడమే అప్పటి లక్ష్యం. అయితే తంతి లేనందువలన ఒక చిక్కు వచ్చినది. తరంగం ఒకరి చిరునామా చూచుకొని పోదు. నాలుగు దిక్కులకు వెళుతుంది. తగిన పరికరం ఉన్న ఎవడైనా వినవచ్చును. రహస్యం కాపాడలేని టెలిగ్రాఫు వర్తకులకు, సైన్యాలకు ఎందుకు? కనుక అలా చెదరిపోవడం ఆనాటి శాస్త్రజ్ఞులకు పెద్ద లోపంగా తోచినది. ఒక పంపే యంత్రాన్ని ఒక అందుకొనే యంత్రంతో శ్రుతి కలిపే పద్ధతికి మార్కోనీ 1900లో మరొక పేటెంటు పొందినాడు.

ఆ రహస్యం ఎంత గట్టిదో 1903 జూన్ నెలలో తేలిపోయినది. లండనులోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్ సభామందిరంలో ఫ్లెమింగ్ అనే ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు ఉపన్యసిస్తున్నారు. దూరాన కార్న్‌వాల్ తీరం నుండి మార్కోనీ పంపే సందేశాన్ని సభవారి ఎదుట అందుకోవలసి ఉన్నది. అంతలో యంత్రం తనంతట తాను టకటకలాడి ‘ఎలుకలు, ఎలుకలు’ అనే అర్థం వచ్చే ఇంగ్లీషు మాటను మరల మరల పలికినది. వెంట మార్కోనీని ఎగతాళి చేసే పద్యమొకటి వచ్చినది. పంపినవాడు నెవిల్ మాస్కెలిన్ అనే ఐంద్రజాలికుడు. ఫ్లెమింగ్ కోపించి పత్రికకు ఉత్తరం వ్రాశారు. మాస్కెలిన్ తన పేరు దాచుకోలేదు. పరుల చొరబాటు సాధ్యం కాదన్న మాట నిజమా అని పరీక్షించానని జవాబిచ్చాడు.

అందరికీ వినబడడం అనే ఈ లోపమే గుణం కాగలదని గ్రహించడానికి మరి కొన్ని ఏండ్లు పట్టినది. వినేది ఎవరో తెలియకపోతేనేమి, ఎవరైనా వినవచ్చును గదా అన్న తలపు రావడంతో యంత్రం మారకుండానే దాని ప్రయోజనం మారిపోయినది. 1920 జూన్ 15వ తేదీన ఇంగ్లండులోని చెమ్స్‌ఫర్డ్ నుండి నెల్లీ మెల్బా అనే గాయని పాడినది. అదే సంవత్సరం నవంబరు 2వ తేదీన అమెరికాలో పిట్స్‌బర్గ్ కేంద్రం అధ్యక్ష ఎన్నికల ఫలితాలను వినిపించినది. ఈ కొత్త పనికి పేరు కావలె. తంతిలేని టెలిఫోను అంటే ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం అవుతుంది. ఇక్కడ ఒకరు మాట్లాడుతారు, లెక్కలేనంతమంది వింటారు. అప్పుడు పాత పొలం మాట అక్కరకు వచ్చినది. 1922 అక్టోబరు 18వ తేదీన లండనులో ఏర్పడిన కంపెనీ పేరులో ‘బ్రాడ్‌కాస్టింగ్’ చేరినది. అదే 1927 జనవరిలో నేటి బి.బి.సి. కార్పొరేషను అయినది.

ఇతర దేశాలవారు వేరు వేరు బొమ్మలు ఎంచుకొన్నారు. జర్మనులు ‘రుండ్‌ఫుంక్’ అన్నారు. చుట్టూరా వెదజిమ్మే నిప్పురవ్వ అని దాని భావం. తొలి యంత్రాలలో విద్యుత్తు రవ్వలు ఎగిరేవి గనుక ఆ పేరు. ఫ్రెంచివారి మాటలో నీటిని నలువైపులా పోసే భావం ఉన్నది. తమిళులు ‘ఒలిపరప్పు’ అన్నారు, ధ్వనిని పరచడం. నిప్పు, నీరు, పరుపు - ఒక్కొక్కరిది ఒక్కొక్క ఊహ. విత్తనం ఊహ ఇంగ్లీషువారిది.

ఆ ఊహను వారు మరచిపోలేదనడానికి గుర్తు ఒకటి ఉన్నది. 1932లో లండనులో ప్రారంభమైన బి.బి.సి. భవనపు ముఖశాలలో ఎరిక్ గిల్ చెక్కిన శిలాప్రతిమ ఒకటి నిలిపారు. అది రాజుది కాదు, శాస్త్రజ్ఞునిది కాదు. విత్తనాలు చల్లే రైతుది. క్రైస్తవుల బైబిలులోని విత్తువాని కథ వారికి ఎరుకే. చల్లిన గింజలలో కొన్ని బాటమీద పడి పక్షుల పాలైనవి, కొన్ని రాతినేలపై మొలిచి ఎండినవి, కొన్ని ముళ్లలో చిక్కినవి, కొన్ని మంచి నేలలో పడి పండినవి. రేడియోవానికి ఈ కథలో అతిశయోక్తి లేదు. ఒక ప్రసంగం చదివిన సాయంకాలం ఎవరు విన్నారో, ఎవరు మధ్యలో లేచిపోయినారో, ఎవరు పెట్టె కట్టివేశారో స్టూడియోలోని మనిషికి కనిపించదు.

మన దేశంలో ఈ మాటకు పట్టిన గతి

భారతదేశానికి ఈ మాట ఇంగ్లీషు సంస్థల పేర్లతోనే దిగినది. మద్రాసులో 1924లో ఔత్సాహికులు రేడియో క్లబ్బు పెట్టి ప్రసారాలు చేశారు. ధనం చాలక 1927లో మానుకొన్నారు. ఆ 1927లోనే బొంబాయి, కలకత్తాలలో ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ కేంద్రాలు తెరచినది. మూడేండ్లలో అదీ దివాలా తీసినది. 1930లో ప్రభుత్వం చేపట్టి ‘ఇండియన్ స్టేట్ బ్రాడ్‌కాస్టింగ్ సర్వీసు’ అని పేరు పెట్టినది.

ఈ పేరు నుండి బ్రాడ్‌కాస్టింగ్ మాట తొలగిపోయిన తీరు వినోదకరమైనది. 1935లో బి.బి.సి. నుండి వచ్చి మన రేడియోకు అధిపతి అయిన లయొనెల్ ఫీల్డెన్‌కు ఆ పొడవాటి పేరు నచ్చలేదు. మార్చుదామంటే కార్యాలయంలో ఒప్పుకొనేవారు లేరు. ఒక విందు తరువాత ఆయన వైస్రాయి లిన్‌లిత్‌గో ప్రభువును పట్టుకొని సలహా అడిగినట్లు నటించినాడు. పేరు నోరు తిరగనిదిగా ఉన్నదనీ, బ్రాడ్‌కాస్టింగ్ అనే మాట భారతీయులకు పలకడానికి కష్టమనీ విన్నవించినాడు. మాటలలో మాటగా వైస్రాయి తానే ‘ఆల్ ఇండియా’ అన్నాడు, తానే ‘రేడియో’ అన్నాడు. ఫీల్డెన్ ఆ ప్రతిభకు ఆశ్చర్యం ప్రకటించినాడు. 1936 జూన్ 8వ తేదీ నుండి ఆ పేరే అమలులోనికి వచ్చినది. ఈ సంగతి ఫీల్డెన్ స్వయంగా 1960లో ప్రకటించిన ఆత్మకథలో చెప్పుకొన్నాడు. ఎంతో కఠినమైన సంస్కృత సమాసాలు పలికే మనకు బ్రాడ్‌కాస్టింగ్ అనే మాట కష్టమని వైస్రాయి నమ్మడమే ఇందులో నవ్వుకోదగిన విషయం.

మరి దేశీయమైన పేరు? 1935లో మైసూరులో డాక్టర్ ఎం.వి. గోపాలస్వామి అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యులు తమ ఇంటిలోనే ఒక చిన్న కేంద్రం నెలకొల్పారు. దానికి ‘ఆకాశవాణి’ అనే పేరు వచ్చినది. 1950ల రెండవ సగంలో జాతీయ రేడియోకు ఆ పేరే స్థిరపడినది. అప్పటికి తెలుగువారికి రేడియో కొత్త కాదు. 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రం నుండి, 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం నుండి తెలుగు వినబడుతున్నది. నైజాము ప్రభుత్వపు దక్కన్ రేడియో 1950 ఏప్రిల్‌లో ఆల్ ఇండియా రేడియోలో విలీనమైనది. 2023లో ఇంగ్లీషులోను ఆల్ ఇండియా రేడియో అనే పేరు మాని ఆకాశవాణి అనియే వ్యవహరించవలెనని ఉత్తరువు వెలువడినది.

పేరు ఆకాశవాణి. పని పేరు ప్రసారం. రెండూ చక్కని మాటలే. అయితే వాటిలో ఏమున్నదో, ఏమి లేదో చూడడం మా విధి. ఆకాశవాణి అంటే పురాణాలలో అశరీరవాణి. దేవకి రథం తోలే కంసునికి వినిపించిన పలుకు అది. ఆ పలుకును ఎవరూ ఎదురు ప్రశ్నించరు. అది ఎవరినీ ‘మీకు అర్థమైనదా?’ అని అడుగదు. ప్రసారం అనే మాటలో ‘సృ’ ధాతువు ఉన్నది. ముందుకు సాగడం, వ్యాపించడం దాని అర్థం. పరిమళం వ్యాపిస్తుంది, నీరు సాగుతుంది. వాటికి కర్త అక్కరలేదు. ఒక మాటలో పలికేవాడు దేవుడు. మరొక మాటలో పలికేవాడే లేడు. చేయి, గుప్పిలి, విత్తనం, నేల - ఈ నాలుగూ మన రెండు మాటలలో కనిపించవు.

ఇది ఒట్టి శబ్దచర్చ కాదు. పేరు పనిని దిద్దుతుంది. తాను ఆకాశం నుండి పలుకుతున్నానని భావించేవాడు పలికి ఊరుకొంటాడు. తాను విత్తుతున్నానని భావించేవాడు మొదట విత్తనం తాలో గింజో చూస్తాడు. నేల పదునులో ఉన్నదా అని చూస్తాడు. చల్లిన తరువాత గట్టు మీదకు వచ్చి మొలక కోసం ఎదురుచూస్తాడు. మొలవకపోతే నేలను తిట్టడు. తన గింజను, తన అదనును శంకిస్తాడు. రేడియోవారు శ్రోతలకు అభిరుచి లేదని నిందించడం సులభం. వెదజల్లేవాడు ఆ మాట అనడు.

మొలక చూచిన సందర్భాలు

మన రేడియో చరిత్రలో ఈ రైతు బుద్ధి పనిచేసిన సందర్భాలు ఉన్నవి. 1956లో పూనా ప్రాంతంలో 150 గ్రామాలలో రేడియో గ్రామీణ గోష్ఠులు ఏర్పాటు చేశారు. సుమారు ఇరవైమంది గ్రామస్థులు ఒకచోట కూర్చుండి వ్యవసాయ, ఆరోగ్య విషయాల కార్యక్రమం వింటారు. విన్న తరువాత చర్చిస్తారు. తమ సందేహాలను, అభిప్రాయాలను కేంద్రానికి వ్రాసి పంపుతారు. వాటికి జవాబులు తరువాతి కార్యక్రమాలలో వస్తాయి. ఆ ప్రయోగం ఫలించడం చూచి 1959లో దేశమంతటికీ విస్తరించారు. అక్కడ రేడియో పెట్టె కన్న విలువైనది విన్న తరువాత సాగిన చర్చ.

మరొక సందర్భంలో ఈ మాటకు మొదటి అర్థం, నేటి అర్థం ఒకే పొలంలో కలుసుకొన్నవి. 1960ల రెండవ సగంలో రేడియోలో వ్యవసాయ కార్యక్రమాలకు ప్రత్యేక విభాగాలు ఏర్పడినవి. తంజావూరు జిల్లాలో ఏ.డి.టి. 27 అనే కొత్త వరి వంగడాన్ని గురించి రైతులు రేడియో ద్వారా విన్నారు, విత్తారు, పండించారు. ఆ వడ్లకు పరిశోధన కేంద్రం ఇచ్చిన పేరు వారి నోట నిలువలేదు. ‘రేడియో వరి’ అని వారే పేరు పెట్టుకొన్నారు. ఒక ప్రసార సంస్థకు ఇంతకు మించిన బిరుదు ఎవరిస్తారు? మన తెలుగు కేంద్రాల ‘పాడిపంటలు’ వంటి కార్యక్రమాలు నిలిచినదీ ఈ బాటలోనే. ఆ కార్యక్రమం పేరులోనే పంట ఉన్నది.

ఇటీవలి కాలంలో బ్రాడ్‌కాస్ట్‌కు సంతానం పెరిగినది. టెలివిజనుతో ‘టెలికాస్ట్’ వచ్చినది. ఒక ప్రత్యేక వర్గానికి మాత్రమే చేసే ప్రసారానికి ‘నారోకాస్ట్’ అనే మాట 1960లలో ప్రచారంలోనికి వచ్చినది. 2004లో ‘పాడ్‌కాస్ట్’ పుట్టినది. జేబులో పెట్టుకొని పాటలు వినే ఐపాడ్ అనే యంత్రం పేరు నుండి అది వచ్చినది. ఇంగ్లీషులో పాడ్ అంటే గింజలుండే కాయ అని కూడ అర్థం ఉండడం కాకతాళీయం. ఈ సంతానంలో చాల భాగం గొర్రు వంశానికి చెందినది. ఎవరికి ఏది రుచిస్తుందో లెక్కకట్టి, వారి సాలులో వారి గింజ జారవిడుస్తుంది. నేటి సెల్‌ఫోను చేస్తున్నది ఇదే. ఇందులో ఆదా ఉన్నది, సౌకర్యం ఉన్నది. తరతరాలుగా గొర్రును వాడిన దేశంవారు గొర్రును నిందించరాదు.

అయినా వెదజల్లవలసిన సమయాలు ఉంటాయి. తుపాను హెచ్చరికను తీరంలోని జాలరులలో ఎవరికి ఆసక్తి ఉన్నదో విచారించి పంపరు. మశూచికపు టీకాల మాట ఒకప్పుడు, పోలియో చుక్కల మాట తరువాత, ఇష్టం ఉన్నవారికీ లేనివారికీ ఒకేసారి చెప్పవలసి వచ్చినది. త్యాగరాజ కీర్తనను అడిగినవారికే వినిపిస్తే, అడగడం తెలియని పిల్లవాడు దానిని ఎన్నడు వింటాడు? పెద్దలు పెట్టిన స్టేషనులో తాను కోరని పాట చెవిన పడి సంగీతం నేర్చుకొన్నవారు, తనకు పనిలేని ప్రసంగం విని ఒక శాస్త్రం మీద మనసు పడినవారు మన ఇండ్లలో ఎందరో ఉండి ఉంటారు. సాలు తప్పి పడిన గింజ మొలవడం అంటే ఇదే. గొర్రుకు ఆ భాగ్యం లేదు.

వృథా అయ్యే గింజలు ఉంటాయని తెలిసే రైతు వెదజల్లుతాడు. మేము చదివిన ప్రతి ప్రసంగమూ మొలవదు. మొలిచినది ఏదో మాకు మాత్రం ఆకాశం నుండి తెలియదు. అది పొలం చెప్పవలసిన మాట. కనుక పాఠకులను కోరేది ఒక్కటే. విన్నది నచ్చినా, నచ్చకపోయినా, అర్థం కాకపోయినా ఒక కార్డు ముక్క కేంద్రానికి వ్రాయండి. ‘బ్రాడ్‌కాస్ట్’ అనే మాటకు అర్థం మా వైపున సగమే ఉన్నది. తక్కిన సగం రేడియో ఉన్న గదిలో ఉన్నది.